విక్‌హమ్ బిషప్ కోసం రెండు రోజులు

ఇంగ్లండ్‌లోని వించెస్టర్ కెథడ్రల్‌కి (పెద్ద చర్చి) వెళ్ళినవాళ్ళు ఎక్కువగా నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ సమాధి చూసి వచ్చేస్తారు. మేం వెళ్ళింది పద్నాలుగో శతాబ్దపు బిషప్ విలియం ఆఫ్ విక్‌హమ్ కోసం. లండన్ వాటర్లూ నుంచి రైల్లో గంట.

1324లో హాంప్‌షైర్‌లో మామూలు ఇంట్లో పుట్టిన మనిషి. విండ్సర్ కోట కట్టడం పనులు చూస్తూ రాజు మూడో ఎడ్వర్డ్ కంట్లో పడ్డాడు. 1367కల్లా ఇటు వించెస్టర్ బిషప్, అటు రాజ్యానికి ఛాన్సలర్, అంటే పెద్ద మంత్రి! 1376లో రాజు కొడుకు జాన్ ఆఫ్ గాంట్ వర్గం ఆరోపణలు మోపి ఆస్తులు జప్తు చేయించింది, రాజసభకు ఇరవై మైళ్ళ లోపుకి రావద్దంది. మరుసటి ఏడాదే అన్నీ తిరిగొచ్చాయి. ఆ తర్వాతే ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజ్ (1379), ఇక్కడ వించెస్టర్ కాలేజ్ అనే బడి (1382) పెట్టాడు.

కెథడ్రల్‌కి టికెట్టుంది, ఆ డబ్బు పెట్టొచ్చు. లోపలి పొడవాటి హాలు రూపు ఈయన హయాంలో మారిందే. ఆ స్తంభాల మధ్యే తన సమాధి మందిరం కట్టించుకున్నాడు. చిన్నప్పుడు అక్కడే ప్రార్థన వినేవాడట. పడుకున్న విగ్రహం పాదాల దగ్గర ముగ్గురు బుల్లి సన్యాసులు చేతులు జోడించి కూర్చుంటారు. వాళ్ళ దగ్గరే అరగంట గడిపాం. కాలేజీని మాత్రం గైడు వెంట తప్ప చూడనివ్వరు. తీరిక ఉంటేనే వెళ్ళండి.

బస దగ్గర దెబ్బతిన్నాం. పాత ఇల్లు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మ మోకాళ్ళ సంగతి ముందే ఫోన్లో చెప్పినా సరే! శాకాహార టిఫిన్ అంటే టోస్టు, డబ్బా చిక్కుడుగింజలు.

పొలాల గట్టున మైలు నడిస్తే సెయింట్ క్రాస్ సత్రం. అక్కడి అధిపతులు నిధులు మింగుతుంటే విక్‌హమ్ ఏళ్ళ తరబడి పోరాడాడు. బాటసారి అడిగితే గేటు దగ్గర ఇప్పటికీ రొట్టెముక్క, చిన్న కప్పుతో బీరు ఇస్తారు. అమ్మ రొట్టె తను తీసుకుని బీరు నాకిచ్చింది.

నాకు బాగా నచ్చింది బిషప్స్ వాల్తమ్ అనే ఊళ్ళోని విక్‌హమ్ భవనం శిథిలాలు. 1404లో కన్నుమూసింది అక్కడే. ప్రవేశం ఉచితం, జనం లేరు, కప్పులేని గోడలు. రైలు లేదు, బస్సే దిక్కు. తిరుగు బస్సు టైము ముందే చూసుకోండి. మేం చూసుకోక గంట కూర్చున్నాం, అమ్మ గోడ నీడలో కునుకు తీసింది.