‘ఇన్విన్సిబుల్’: నెత్తురు చూసి కేరింతలు కొట్టినవారు వినకుండా వదిలేసిన జవాబు

‘ఇన్విన్సిబుల్’ మొదటి ఎపిసోడ్ చూడమని చెప్పిన మిత్రుడు నాకు ఒకే ఒక్క షరతు పెట్టాడు. చివర పేర్లు పడడం మొదలైనా టీవీ కట్టేయకూడదన్నాడు. ఎందుకని అడిగితే నవ్వాడే కాని చెప్పలేదు. ఈ సిరీస్ అభిమానుల్లో ఇది ఒక ఆనవాయితీ అని తర్వాత తెలిసింది. కొత్తగా చూడబోయేవారికి వాళ్లు ఏమీ చెప్పరు, పక్కనే కూర్చుని తెరను వదిలేసి చూసేవారి ముఖాన్ని గమనిస్తారు. అలా మారిన ముఖాలను వీడియోలుగా తీసి యూట్యూబ్‌లో పెట్టినవారు కోకొల్లలు. ఒక సిరీస్‌లోని హింస దానికదే ఒక చూడదగిన విషయంగా, దాన్ని చూసి ఇతరులు ఉలిక్కిపడడం మరొక వినోదంగా మారిన సందర్భం ఇది. అందుకే ఈ సమీక్షలో సిరీస్‌తో పాటు దాన్ని చూసినవారి గురించి కూడా రాయవలసి వస్తోంది.

2021 మార్చి 26న అమెజాన్ ప్రైమ్ వీడియోలో మొదలైన ఈ యానిమేషన్ సిరీస్‌కు మూలం రాబర్ట్ కిర్క్‌మన్ రచనకు కోరీ వాకర్, ఆ తర్వాత ర్యాన్ ఓట్లీ బొమ్మలు వేసిన కామిక్. 2003 నుంచి 2018 దాకా 144 సంచికలుగా అది వెలువడింది. మార్క్ గ్రేసన్ అనే హైస్కూలు కుర్రవాడికి తండ్రి నుంచి రావలసిన అతీతశక్తులు ఆలస్యంగా వస్తాయి. తండ్రి నోలన్ లోకమంతా ఆరాధించే ఆమ్నీ-మ్యాన్. తల్లి డెబీ ఇళ్లు అమ్మిపెట్టే వృత్తిలో ఉన్న మామూలు మనిషి. మొదటి ఎపిసోడ్ దాదాపు మొత్తం తండ్రీకొడుకుల శిక్షణ, బడి గొడవలు, భోజనాల బల్ల దగ్గర కబుర్లతో, పరిశుభ్రమైన రేఖలతో, నిండు రంగులతో, పిల్లలు ఆదివారం పొద్దున చూసే కార్టూన్ లాగే సాగిపోతుంది. పేర్లు పడడం మొదలయ్యాక నోలన్ తన తోటి వీరులైన ‘గార్డియన్స్ ఆఫ్ ద గ్లోబ్’ బృందంలోని ఏడుగురిని ఒక్కొక్కరినే చంపుతాడు. మెరుపు వేగంతో పరుగెత్తే రెడ్ రష్ తల నోలన్ అరచేతుల మధ్య నలిగిపోయే క్షణం దగ్గర, చూస్తున్నవారి చేయి అప్రయత్నంగా నోటి మీదికి వెళుతుంది. ఆ బొమ్మల శైలి అంత అమాయకంగా ఉండకపోతే ఆ నెత్తురుకు అంత తీవ్రత వచ్చేది కాదు. ఇదే కథను ముదురు రంగులతో, నీడలతో గీసి ఉంటే ప్రేక్షకుడు మొదటి నిమిషం నుంచే మనసు రాయి చేసుకుని కూర్చునేవాడు.

కామిక్ చదివినవారి స్పందన వేరుగా ఉండింది. ఆ హత్యాకాండ ఏడో సంచికలో వస్తుందని వారికి ముందే తెలుసు. దాన్ని సిరీస్‌లో మొదటి ఎపిసోడ్‌కే తెచ్చారన్నదీ, కామిక్‌లో కొద్ది పుటల్లో ముగిసినదాన్ని ఎదురుదెబ్బలతో కూడిన పూర్తి పోరాటంగా పెంచారన్నదీ వారి చర్చ. నా దృష్టిలో ఈ మార్పు సిరీస్‌కు మేలే చేసింది. తండ్రి హంతకుడని మనకు తెలిసి, కొడుకుకూ భార్యకూ తెలియకపోవడం వల్ల తర్వాతి ఆరు ఎపిసోడ్లలో ప్రతి ఇంటి దృశ్యం మీదా ఒక అనుమానపు నీడ పడుతుంది. నోలన్ చిరునవ్వుతో కొడుకు భుజం మీద చేయి వేసినా మన గుండె ఝల్లుమంటుంది.

ఈ సిరీస్‌లో నెత్తురు దృశ్యంతో పాటు తుడిచిపెట్టుకుపోదు. అభిమానుల చర్చల్లో తగినంతగా కనిపించని సంగతి ఇదే. ఆ రాత్రి నోలన్ దుస్తులకు అంటిన మరక ఇంట్లోనే ఉంటుంది. దాన్ని కనిపెట్టేది గూఢచారి సంస్థ కాదు, భార్య. ఆమె ఆ దుస్తులను వీరులకు బట్టలు కుట్టే ఆర్ట్ దగ్గరికి పట్టుకెళ్లి, తన కాపురం గురించి తాను అడగడానికి భయపడుతున్న ప్రశ్నను ఒక దర్జీని అడుగుతుంది. ఒళ్లు జలదరించే దృశ్యాలు ఎన్ని ఉన్నా, మొదటి సీజన్‌లో నన్ను ఎక్కువ కలవరపెట్టినది ఆ మరకను చూస్తున్న డెబీ ముఖమే. ఆమెకు గొంతు ఇచ్చిన సాండ్రా ఓ కేకలేమీ వేయకుండా, మాటల మధ్య ఊపిరి ఆపడంతోనే ఆ భయాన్ని వినిపించారు. ప్రతి ఎపిసోడ్‌లో సిరీస్ పేరు తెర మీద పడేటప్పుడు అక్షరాల మీద నెత్తుటి చుక్కలు క్రితంసారి కంటే పెరుగుతూ పోవడాన్ని అభిమానులు ముచ్చటగా గమనించారు. నాకు మాత్రం అది కొంచెం గారడీ లాగే అనిపించింది.

ఇక ఎనిమిదో ఎపిసోడ్‌లోని రైలు. తాను విల్ట్రమ్ అనే గ్రహం తరఫున భూమిని ఆక్రమించడానికి వచ్చినవాడినని నోలన్ బయటపెట్టాక, మనుషుల ప్రాణాలకు విలువ లేదని కొడుకుకు ‘నేర్పడానికి’ అతని తలను పట్టుకుని వేగంగా వస్తున్న భూగర్భ రైలుకు ఎదురుగా నిలబెడతాడు. రైలు ఆగదు. మార్క్ శరీరం చెక్కుచెదరదు కాబట్టి లోపలి ప్రయాణికులు ఒకరి తర్వాత ఒకరుగా ఆ శరీరానికే కొట్టుకుని ఛిద్రమవుతారు. కొడుకు ఇక్కడ బాధితుడూ ఆయుధమూ రెండూ. గట్టిదనం వీరుడికి వరమని మనం నమ్ముతూ వచ్చిన కథల్లో, ఆ గట్టిదనాన్నే శాపంగా తిప్పిన ఇంత క్రూరమైన ఊహ నాకు మరొకటి గుర్తు రావడం లేదు. కామిక్‌లో లేని ఈ ఘట్టాన్ని సిరీస్ కోసమే రాశారు. ఇది చూసి కొందరు ఇక చూడలేమని ఆపేశారు, మరికొందరు ఇదే సిరీస్‌లోకెల్లా గొప్ప ఘట్టమన్నారు. రెండు మాటలూ ఒకే నిజం నుంచి వచ్చినవే.

దాని తర్వాత జరిగినదే అభిమానలోకంలో అసలు ముచ్చట. నెత్తురోడుతూ పడి ఉన్న మార్క్ మీద నిలబడి, తన కణత వైపు వేలు చూపిస్తూ ‘ఆలోచించు, మార్క్’ అని గర్జించే నోలన్ చిత్రం కొద్ది రోజుల్లోనే మీమ్‌గా ఇంటర్నెట్ అంతటా పాకింది. పరీక్షలు, జీతాలు, క్రికెట్, ఏ సంగతికైనా ఆ చిత్రాన్ని అతికించారు. సిరీస్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడనివారికి కూడా ఆ బొమ్మ పరిచయమే. మీమ్ చేయడాన్ని నేను తప్పు పట్టను. భరించలేనిదాన్ని నవ్వులోకి దించుకోవడం మనుషులకు పాత అలవాటే, చావింట్లో కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి అని నవ్విస్తారు. కాని ఆ చిత్రాన్ని ఎక్కడ కత్తిరించారో చూడండి. ఐదు వందల ఏళ్లు గడిచాక నీకంటూ ఏం మిగులుతుందని తండ్రి అడుగుతాడు. పళ్లు రాలిన నోటితో కొడుకు, నాన్నా, అప్పటికీ నాకు నువ్వు ఉంటావు అని జవాబిస్తాడు. ఎత్తిన పిడికిలి అక్కడ ఆగిపోతుంది. చిన్నప్పుడు మార్క్ బేస్‌బాల్ ఆడుతుండగా డెబీతో కలిసి చూసిన రోజు నోలన్‌కు గుర్తొస్తుంది, కన్నీటితో ఆకాశంలోకి ఎగిరిపోతాడు. అంతసేపు సాగిన రక్తపాతమంతా ఆ ఒక్క జవాబు కోసమే పేర్చిన కట్టెలు. మీమ్‌కు కట్టెలు దొరికాయి, నిప్పు దొరకలేదు. 2023లో వచ్చిన ‘మోర్టల్ కాంబాట్ 1’ వీడియో గేమ్‌లో, సిరీస్‌లో నోలన్‌కు గొంతు ఇచ్చిన జె.కె. సిమ్మన్స్ గొంతుతోనే ఆమ్నీ-మ్యాన్‌ను ప్రవేశపెట్టినప్పుడు, ప్రత్యర్థిని ముగించే విధానాల్లో ఒకటిగా ఆ రైలునే పెట్టారు. గేమ్‌లో ఆ రైలు వచ్చి వెళుతుంది, జవాబు ఇచ్చేవారెవరూ ఉండరు.

2023 నవంబరులో మొదలై నాలుగు ఎపిసోడ్లకే ఆగి 2024 మార్చిలో తిరిగి వచ్చిన రెండో సీజన్ గురించి ఎక్కువ చెప్పను. ఆ విరామం మీద అభిమానులు చిరాకు పడ్డారు, అది న్యాయమే. గుర్తుంచుకోవలసినది చివరి ఎపిసోడ్. తల్లిని గాయపరిచిన ఆంగ్‌స్ట్రమ్ లెవీ అనే ప్రతినాయకుడిని మార్క్ ఆగకుండా కొట్టి, నువ్వు ఇంకా గట్టివాడివనుకున్నానని ఏడుస్తూ పదే పదే అంటాడు. చూసేవారిలో చాలామంది ఆ దెబ్బల కోసమే సీజన్ అంతా ఎదురుచూశారు, నేనూ ఎదురుచూశాను. కోరుకున్నది దొరికాక దాన్ని ఇలా సిగ్గుపడేలా చేతిలో పెట్టడం ఈ రచయితలకు తెలిసిన విద్య.

2025 ఫిబ్రవరి 6న మొదలైన మూడో సీజన్‌లో ఆ విద్య ఒకసారి అద్భుతంగా పనిచేసి, ఒకసారి తప్పిపోయింది. పనిచేసినది ఆరో ఎపిసోడ్‌లో. షికాగోలో తండ్రీకొడుకులు పోరాడిన రోజున సోదరినీ ఆమె కూతురినీ పోగొట్టుకున్న ఒక సాధారణ ఉద్యోగి, పవర్‌ప్లెక్స్ అనే పేరుతో మార్క్ మీద పగబడతాడు. అతనికి గొంతు ఇచ్చినది ఆరన్ పాల్. ఆ పగలో తన భార్యాబిడ్డలే బలైనా తప్పంతా మార్క్‌దేనంటాడు. ఈ పాత్ర మీద అభిమానులు విరుచుకుపడ్డారు. వెర్రివాడనీ, విసిగించాడనీ, ఆ ఎపిసోడ్ దాటవేయవచ్చనీ రాశారు. అతని వాదన అన్యాయమైనదే, రచయితలు కూడా దాన్ని న్యాయమని చూపలేదు. నాకూ మొదట విసుగే పుట్టింది. కాని ఆ విసుగు ఎక్కడిదని ఆలోచిస్తే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. మొదటి సీజన్‌లో షికాగో కూలుతుంటే ఊపిరి బిగబట్టి చూసి, గొప్ప ఘట్టమని మెచ్చుకుని, పదే పదే వెనక్కి తిప్పి చూసినవారమే, ఆ శిథిలాల కింద నుంచి ఒక బంధువు లేచి వచ్చి ఏడిస్తే వీడి గోల ఏమిటని ముఖం తిప్పుకున్నాం. అప్పుడు గుంపుగా కనిపించిన చావులకు ఇప్పుడు ఒక ఇంటి పేరు వచ్చింది, మనకు నచ్చనిది అదే. సిరీస్ మొత్తంలో హింస గురించి ఇంత సూటిగా ప్రేక్షకుడిని నిలదీసిన ఎపిసోడ్ మరొకటి లేదు. అభిమానుల మెప్పు తక్కువగా దొరికినవాటిలో ఇది ఒకటి కావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

తప్పిపోయినది ఆ వెంటనే వచ్చిన ఏడో ఎపిసోడ్. వేరే లోకాల నుంచి మార్క్‌కు డజనుకు పైగా దుష్ట ప్రతిరూపాలు వచ్చి భూమి మీద నగరాలను నేలమట్టం చేస్తారు. చనిపోయినవారి సంఖ్య ఊహకందదు, కాని ఒక్క ఎపిసోడ్‌లో కుక్కడం వల్ల ఆ నగరాలు వార్తల్లో దొర్లిపోయే పేర్ల లాగా దొర్లిపోతాయి. తన ఎముకలనే పేలుడుగా మార్చి ప్రాణం వదిలిన తోటి వీరుడు రెక్స్ స్ప్లోడ్ మరణం ఒక్కటే నిలుస్తుంది, అదీ అతనితో మనం మూడు సీజన్లు నడిచినందువల్ల. యానిమేషన్‌లో కదలిక తగ్గిందని, నిలువు బొమ్మలతో సరిపెట్టారని అభిమానులు ఈ సీజన్ మీద చేసిన ఫిర్యాదుతో నేను ఏకీభవిస్తాను. అయితే బొమ్మలు ఎంత బాగా కదిలినా ఈ ఎపిసోడ్ లోటు తీరేది కాదని నా అభిప్రాయం. రైలులో చనిపోయినవారు ఇంతకంటే చాలా తక్కువమంది, అయినా అక్కడ ఒక్కొక్కరి బరువూ తెలుస్తుంది.

ఆ సీజన్ చివరి ఎపిసోడ్ విల్ట్రమ్ పంపిన యోధుడు కాంక్వెస్ట్‌ది. జెఫ్రీ డీన్ మోర్గన్ గొంతులోని ఉల్లాసం ఆ పాత్రకు ప్రాణం. ఎముకలు విరగడం, మార్క్ ప్రియురాలు ఈవ్ పొట్టలో నుంచి చేయి దూసుకుపోవడం, మార్క్ తన తలతోనే శత్రువు తలను బాది బాది ముద్ద చేయడం వంటివాటితో నిండిన ఈ పోరాటాన్ని అభిమానులు సిరీస్‌లోనే అత్యుత్తమమని ఎత్తుకున్నారు. ఎవరు ఎవరికంటే బలవంతులు, ఏ దెబ్బకు ఎంత శక్తి అని లెక్కలు వేసేవారికి పండుగే అయింది. ‘నా రాక కోసం సిద్ధంగా ఉండు, పురుగా’ అన్న అతని మాట మరో మీమ్ అయింది. నాకు నచ్చినది ఆ దెబ్బల మధ్య వచ్చే ఒక చిన్న విరామం. మార్క్‌ను నలిపేస్తూనే కాంక్వెస్ట్ చెవిలో రహస్యం చెప్పినట్టు, తనంటే తనవాళ్లకే భయమని, ఎవరూ పలకరించరని, తాను ఒంటరినని ఒప్పుకుంటాడు. ఆ వెంటనే మళ్లీ కొట్టడం మొదలుపెడతాడు. ఈసారి అభిమానులు ఆ మాటను వదిలేయలేదు. నవ్వుతూనే అయినా దాన్ని కూడా మీమ్‌లలోకి తెచ్చుకున్నారు. తండ్రి ప్రశ్నను పట్టుకుని కొడుకు జవాబును జారవిడిచినవారు, హంతకుడి ఒంటరితనాన్ని మాత్రం పట్టుకోగలిగారన్నమాట. బహుశా అది పంచ్ డైలాగు లాగా వినిపించడం వల్ల కావచ్చు.

చూడవచ్చా అని అడిగితే పెద్దవారికి తప్పకుండా చూడమంటాను, అయితే రోజుకు ఒకటి మించకుండా. వరుసగా నాలుగైదు చూస్తే నెత్తురు కంటికి అలవాటైపోతుంది, అలవాటైన కంటికి ఈ సిరీస్‌లో మిగిలేది కొట్లాట మాత్రమే. మొదటి సీజన్ మొత్తం, రెండో సీజన్ చివరి ఎపిసోడ్, మూడో సీజన్‌లో ఆరు, ఎనిమిది ఎపిసోడ్లు నా లెక్కలో ప్రథమ శ్రేణివి.

ఇంట్లో పిల్లలున్నవారికి మరో మాట. మన ఇళ్లలో బొమ్మలు కదిలితే చాలు అది పిల్లల కార్యక్రమమే అనుకునే అలవాటు ఇంకా పోలేదు. సినిమా హాలుకు వెళ్లే చిత్రాలకు సెన్సార్ బోర్డు ధ్రువపత్రం ఉంటుంది కాని, ఓటీటీ సిరీస్‌లకు ఉండదు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐటీ నియమాల ప్రకారం ఏది ఏ వయసువారికో ఆ సంస్థలే వర్గీకరించి చూపాలి, 13 ఏళ్లు, అంతకు పైబడిన వర్గాలకు తాళం వేసుకునే సౌకర్యం ఇవ్వాలి. సౌకర్యం ఉందంటే తాళం పడినట్టు కాదు, పిన్ పెట్టవలసింది మనమే. అట్ట మీద నీలం, పసుపు దుస్తుల్లో నవ్వుతూ ఎగిరే కుర్రవాడి బొమ్మ చూసి మా బంధువుల ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లవాడు మొదటి ఎపిసోడ్ పెట్టుకున్నాడు. అదృష్టవశాత్తు పేర్లు పడగానే ఆపేశాడు.