తిరుపతిలో ముందు డీజిల్, తర్వాత పెట్రోల్: రెండు సెకండ్ హ్యాండ్ కార్లు వాడాక

సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు కొందామనుకునే ప్రతి ఒక్కరూ ముందు అడిగేది మైలేజీ గురించే. నేను ఒకే మోడల్‌లో రెండూ వాడాను. ముందు 2013 డీజిల్, ఇప్పుడు 2016 పెట్రోల్. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే చెప్పబోయేది ఆ తరం చిన్న కార్లన్నిటికీ కాస్త అటూ ఇటూగా వర్తిస్తుంది. నన్నడిగితే మైలేజీ కన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. మీ బండి ఒకసారి స్టార్ట్ చేస్తే, మళ్లీ ఆపేలోపు ఎంత దూరం పోతుంది?

డీజిల్ కొన్నప్పుడు ఇల్లు తిరుపతిలో, ఉద్యోగం పీలేరులో. రోజూ పొద్దున శ్రీనివాస మంగాపురం, రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కాలి, సాయంత్రం దిగాలి. ఆ దారికి ఆ బండి అతికినట్టు సరిపోయింది. రెండు వేల ఆర్‌పీఎం లోపు కాస్త మొద్దుగా ఉంటుంది, టర్బో అందుకుందంటే ఇక చూసుకోనక్కర్లేదు. నలుగురు మనుషులు, డిక్కీలో బియ్యం మూట, పైన ఏసీ. అయినా వంపు తిరిగాక మూడో గేరులోనే లాగేసేది. లీటరుకి 20 తగ్గేది కాదు, నిదానంగా పోతే 22 కూడా వచ్చేది. అదే ఘాట్ ఇప్పుడు పెట్రోల్‌తో ఎక్కితే రెండో గేరు తప్పదు. మే నెలలో మా ఆవిడ ఏసీ ఆపనివ్వదు, నేను గేర్లు మార్చడం ఆపలేను.

తిరుపతికి బదిలీ అయ్యాక కథ మారింది. బైరాగిపట్టెడ నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి స్కూలు, సాయంత్రం కూరగాయలు. ఏదీ మూడు కిలోమీటర్లు దాటదు. పైగా అప్పుడు శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ పని జరుగుతోంది, ఊళ్లో ఎటు పోయినా ఫస్టు, సెకండు గేర్లే. కొన్నాళ్లకి పికప్ పడిపోయింది, యాక్సిలరేటర్ తొక్కితే వెనక నల్లపొగ, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు. రేణిగుంట రోడ్డులో మాకు తెలిసిన మెకానిక్ ఈజీఆర్ వాల్వ్ విప్పి చేతికిచ్చాడు. లోపల వేలు పెడితే కాటుక డబ్బీలో పెట్టినట్టే. గాలి పోవాల్సిన దారి సగానికి పైగా మసితో పూడిపోయి ఉంది.

పొగలో విషవాయువులు తగ్గాలని ఇంజిన్ వదిలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ లోపలికి పంపేదే ఈజీఆర్. డీజిల్ ఇంజిన్ వేడెక్కడానికి టైం పడుతుంది. సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తూ ఉంటే, ఆ మసి ఆయిల్ ఆవిరితో కలిసి జిగురులా పేరుకుంటుంది. "బండిది తప్పేం లేదు సామీ, దీన్ని అప్పుడప్పుడూ బెంగళూరు రోడ్డెక్కించి తరమాల" అన్నాడు మెకానిక్. కడిగి బిగించాక బండి మళ్లీ మామూలైంది. కానీ కూరగాయలకి పోయే బండిని ఆరోగ్యం కోసం బెంగళూరు తిప్పుకురావడం నాకు కుదిరే పని కాదు. రోజూ హైవే మీద తిరిగే ఒకాయనకి అమ్మేశాను. 2020 తర్వాతి బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ అయితే సిటీలో ఇంకా కష్టం. వాటికి డీపీఎఫ్ అని పొగగొట్టంలో మసి ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా మంచి స్పీడులో పోవాలి. ఊళ్లో లీలామహల్ సర్కిల్ దగ్గర అది జరిగే పని కాదు.

ఇక డబ్బు లెక్క. మన దగ్గర పెట్రోల్ 110 చుట్టూ, డీజిల్ 98 చుట్టూ ఆడుతున్నాయి. డీజిల్ 20, పెట్రోల్ 15 ఇస్తాయనుకుంటే కిలోమీటరుకి తేడా రెండున్నర రూపాయల లోపే. నెలకి 1,500 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి మూడున్నర వేలు మిగులుతుంది, అది నిజమైన డబ్బే. నెలకి 400 తిరిగేవాళ్లకి వెయ్యి కూడా మిగలదు. ఒక్క ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) పోయిందంటే ఆ ఏడాది మిగులూ తుడిచిపెట్టుకుపోతుంది. టర్బో, క్లచ్ ఖర్చులు వేరే. 2012లో పెట్రోల్‌కీ డీజిల్‌కీ లీటరుకి పాతిక రూపాయల పైనే తేడా ఉండేది, అందుకే అప్పట్లో అందరూ డీజిల్ మీద పడ్డారు. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద కూడా ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు, ఆ తేడా తగ్గిపోయింది. ఆ పాత తేడాని మనసులో పెట్టుకుని ఇప్పుడు బండి కొనేవాళ్లు ఇంకా కనిపిస్తున్నారు.

బోర్డర్ సంగతి కూడా చెప్పాలి. చిత్తూరు వైపు వాళ్లు వేలూరు పోయినా, ములబాగల్ మీదుగా బెంగళూరు పోయినా అవతల బంకులోనే ట్యాంకు నింపుకుని వస్తారు, అక్కడ రేటు తక్కువ కాబట్టి. ఎటూ పోయే పని ఉంటే మంచిదే. దానికోసమే పోవడం దండగ.

పెట్రోల్ బండి గురించి ఫిర్యాదులు తక్కువే. ఊళ్లో 13, హైవేలో 17 ఇస్తోంది. పొద్దున స్టార్ట్ చేస్తే చప్పుడుకి పక్కింటివాళ్లు లేవరు. ముందువైపు బరువు తక్కువ కాబట్టి స్టీరింగ్ తేలిక. తిరుమలకి పోవడానికి డీజిలే ఉండాలని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. అలిపిరి నుంచి పైకి ఇరవై కిలోమీటర్ల లోపే, అందులోనూ తొందరపడే రోడ్డు కాదది. ఎప్పుడో ఒకసారి కొండెక్కడానికి పెట్రోల్ బాగా చాలు. ఒకటి మాత్రం చూసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బండ్లు చాలావరకు దీనికోసం చేసినవి కావు. మైలేజీ కాస్త తగ్గుతుంది. పాత బండి కొనేటప్పుడు పెట్రోల్ పైపులు, రబ్బర్లు గట్టిపడ్డాయేమో, పగుళ్లిచ్చాయేమో చూపించుకోండి.

డీజిలే కావాలనుకునేవాళ్లకి మార్కెట్లో దొరికేవి దాదాపు పాతవే. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ ఆపేసింది, మిగతావాళ్లూ చిన్న కార్లలో ఒక్కొక్కరుగా ఆపేశారు. అప్పటి స్విఫ్ట్, ఇండికా విస్టా, పుంటో లాంటి వాటిలో ఎక్కువగా ఉన్నది ఫియట్ రూపొందించిన ఒకే 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ కాబట్టి సామాన్లకి, తెలిసిన మెకానిక్‌లకి కరువు లేదు. కానీ ఆర్‌సీ మీద తేదీ చూడండి. 15 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. 2013 బండి ఇప్పుడు కొంటే ఆ తలనొప్పి ఎంతో దూరంలో లేదు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టడంతో అక్కడివి కూడా చవగ్గా ఇటు వచ్చాయి. కర్ణాటక, తమిళనాడు నంబర్లు మన జిల్లాలో మామూలే. ఏది కొన్నా ఎన్ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేస్తే ఆ చవక ఏమాత్రం మిగులుతుందో తేలిపోతుంది.

అన్నిటికన్నా భయం టాక్సీ తిరిగిన బండి. యాత్రికుల ఊరు కదా, సొంత బండిలా తెల్లబోర్డు పెట్టుకుని రాత్రీ పగలూ కాళహస్తి, కాణిపాకం తిరిగినవి బోలెడు. మీటరు తిప్పడం పెద్ద విద్యేం కాదు. అందుకే ఓనరు ముందే స్టార్ట్ చేసి ఉంచకుండా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే పొద్దున్నే పోయి చూడాలి. స్టార్ట్ చేయగానే నీలంపొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత విప్పితే పొగ గుప్పుగుప్పున కొడుతుంటే, మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు, ఇంజిన్ లోపల అరిగిపోయినట్టు, ఇక బేరమాడకుండా వచ్చేయడమే. షోరూం సర్వీస్ రికార్డు కూడా అడగండి. చాలాసార్లు మీటరు కన్నా అదే నిజం చెబుతుంది.

మా బావమరిది ఈ మధ్య పలమనేరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా రోజూ చిత్తూరు తిరుగుతున్నాడు. అతనికి మాత్రం డీజిలే చూస్తున్నాం. పోయిన వారం ఒకటి చూశాం, ఏపీ 03 నంబరు, పెయింటు తళతళ, మీటరు మీద 68 వేలు. కూర్చుని చూస్తే క్లచ్ పెడల్ రబ్బరు అరిగిపోయి ఇనుము బయటపడి ఉంది, డ్రైవర్ సీటు ఒకవైపు కుంగిపోయింది. "ఫస్ట్ ఓనరన్నా, డాక్టరు గారి బండి" అంటున్నాడు బ్రోకరు. టీ తాగి వచ్చేశాం, ఇంకా వెతుకుతున్నాం.