డిసగ్రీ అనాలా, డిసెంట్ అనాలా?

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల గ్రూప్స్‌కి చదివే పిల్లలు తరచూ అడిగే అనుమానం ఇది. రెండూ 'ఒప్పుకోను' అనేవే. బరువులో తేడా.

డిసగ్రీ ఇంటి మాట. మామిడిపళ్లలో బేనీషా కంటే తోతాపురే మేలని మామ అంటే, కాదనడానికి ఇది చాలు.
డిసెంట్ సభ మాట. నలుగురూ కలిసి తేల్చినదాన్నో, పైవాళ్లు ఖాయం చేసినదాన్నో కాదని నిలబడటం. మన పేపర్లు రాసే 'అసమ్మతి' ఇదే.

ఖరీదు చూస్తే డిసెంట్‌దే ఎక్కువ. 1976లో, ఎమర్జెన్సీ నాటి ఏడీఎం జబల్‌పూర్ కేసులో, విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్లు కోర్టుకెళ్లలేరని సుప్రీంకోర్టు జడ్జీలు నలుగురు ఒకవైపు, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఇంకోవైపు. మరుసటేడు, సీనియారిటీ ఉన్నా, ఆయనకు చీఫ్ జస్టిస్ పదవి రాలేదు. 2017లో అదే కోర్టు ఆ పాత తీర్పు తప్పని చెప్పింది. అంత పనికి డిసగ్రీ ఏం సరిపోతుంది?

వాడకం: మనిషితో అయితే డిసగ్రీ 'విత్'. తీర్పుతో అయితే డిసెంట్ 'ఫ్రమ్'. 'ఐ యామ్ నాట్ అగ్రీ' మాత్రం వద్దబ్బా.

చిక్కు: డిసగ్రీకి పెద్దగా లేదు. డిసెంట్‌కి దీర్ఘం తగిలిస్తే 'డీసెంట్' అయి, తిరగబడినవాడు కాస్తా మర్యాదస్తుడైపోతాడు.

స్నేహితులతో, ఇంటర్వ్యూలో, ఆఫీసు మెయిల్లో డిసగ్రీ. కమిటీ మినిట్స్‌లో మీ అభ్యంతరం ఎక్కాలన్నా, తీర్పుల మీద వ్యాసం రాయాలన్నా డిసెంట్.