కార్డు వెనక్కి తిప్పితేనే అసలు ఆట: ఒక క్విజ్ పెట్టె మంచిచెడ్డలు

జనరల్ నాలెడ్జ్ ఆటలంటే నాకు మొదటినుంచీ చిన్నచూపే. ఎత్తైన శిఖరం ఏది, పొడవైన నది ఏది అని అడగడం, తెలిసినవాడు కాలర్ ఎగరేయడం, తెలియనివాడు తల గోక్కోవడం. అంతకుమించి ఏముంది? ఈ క్విజ్ కార్డుల పెట్టె ఇంటికి వచ్చాక ఆ చిన్నచూపు సగం పోయింది. మిగతా సగం పోకపోవడానికి కారణమూ ఈ పెట్టెలోనే ఉంది.

ప్రకృతి, చరిత్ర, మతాలు, సినిమా అని నాలుగు రంగుల కట్టలు. ఒక ఇసుక గడియారం, మార్కులు వేసుకునే చిన్న పుస్తకం. కార్డుకు ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు, దాని కింద రెండు మూడు వాక్యాల వివరణ. ఈ పెట్టెకు ప్రాణం ఆ వివరణే. అది ఉన్నచోట ఆట రక్తి కట్టింది, లేనిచోట చప్పబడింది.

ప్రకృతి కార్డులు రాసినవారికి చేతులెత్తి మొక్కాలి. ఆక్టోపస్‌కు గుండెలు ఎన్ని అన్నది అరిగిపోయిన ప్రశ్న. మూడు అని మా ఇంట్లో అందరికీ తెలుసు. కార్డు తిప్పితే అసలు సంగతి కనిపించింది. రెండు గుండెలు మొప్పలకు రక్తం పంపితే మూడోది మిగతా శరీరమంతటికీ పంపుతుందట. ఈదుతున్నప్పుడు ఆ మూడోది కొట్టుకోవడం ఆగిపోతుంది, అందుకే ఆక్టోపస్ ఈదడంకన్నా పాకడానికే మొగ్గు చూపుతుంది. ఇక రక్తం నీలంగా ఉండటానికి కారణం, మన రక్తంలో ఇనుము చేసే ఆక్సిజన్ మోసే పనిని దాని రక్తంలో రాగి ఉన్న హిమోసయనిన్ అనే ప్రోటీన్ చేయడం. ఇసుక అంతా జారిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాతి కార్డు తీయమని అడిగినవారు లేరు.

శుక్రగ్రహం కార్డు కూడా ఇలాంటిదే. అక్కడ రోజు ఏడాదికన్నా పెద్దదని అందరూ చెబుతారు. తన చుట్టూ తాను తిరగడానికి 243 భూమి రోజులు, సూర్యుడిని చుట్టడానికి 225 రోజులు పడుతుంది కాబట్టి మాట నిజమే. కానీ గ్రహం ఎదురు దిశలో తిరుగుతుంది గనుక ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయానికి దాదాపు 117 రోజులే అని కార్డు ఓపికగా చెప్పింది. ఆ పట్టింపు నాకు నచ్చింది. శని ఉపగ్రహాల లెక్క మాత్రం పాతబడింది. 2025 మార్చిలో మరో 128 గుర్తింపు పొందడంతో మొత్తం 274కు చేరింది. మారిపోయే సంఖ్యను అచ్చువేసి అమ్మడం ఏ తెలివో నాకు అర్థం కాలేదు.

మతాల కట్ట దగ్గర గొడవ జరిగింది. బైబిల్‌లో గ్రంథాలు ఎన్ని అని ప్రశ్న. మా బాబాయి 73 అన్నారు. "కార్డులో 66 అని ఉంది బాబాయ్" అంటే, "ఎవరి బైబిల్‌లో అని అడిగిందా నీ కార్డు?" అని గద్దించారు. ఆయన మాటలో తప్పు లేదు. ప్రొటెస్టెంట్ల బైబిల్‌లో 66, కాథలిక్కుల బైబిల్‌లో 73. మార్కు ఆయనకే వేశాం. ఇదే కట్టలో, శిశువైన యేసును చూడవచ్చిన జ్ఞానులు ఎందరు అన్న కార్డు మాత్రం బంగారం. మత్తయి సువార్తలో ఆ సంఖ్యే లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు ఉన్నందుకు జ్ఞానులనూ ముగ్గురిని చేసేశారు. ఒకే చేయి ఈ రెండు కార్డులూ రాసిందంటే నమ్మలేను.

చరిత్ర కట్ట నన్ను బాగా చిరాకుపెట్టింది. రష్యా అక్టోబరు విప్లవం నవంబరులో ఎందుకు వచ్చిందో క్యాలెండర్ల తేడాతో సహా చక్కగా చెప్పారు, సరే. కానీ భూమి గుండ్రంగా ఉందని నిరూపించినది ఎవరు అన్న ప్రశ్నకు జవాబు కొలంబస్ అట! క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ రెండు ఊళ్లలో పడే నీడల తేడాను పట్టుకుని భూమి చుట్టుకొలతనే లెక్కగట్టాడు. కొలంబస్ కాలంలో చదువుకున్నవారికి భూమి గుండ్రమని తెలుసు. పేచీ దాని పరిమాణం మీదే, అందులో కొలంబస్ లెక్కే తప్పు. పైగా ఆయన భూమిని చుట్టి రానూ లేదు. ఆ పని మాగెల్లాన్ యాత్రలో బతికి బయటపడినవారు 1522లో పూర్తిచేశారు. ఈ కార్డు గురించి తయారీదారులకు రాశాను. ఉలుకూ పలుకూ లేదు.

సినిమా కట్ట గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు, అన్నీ అవార్డులే. మొదటి ఆస్కార్ వేడుక ఏ సంవత్సరంలో? 1929. వివరణ లేదు. సెకనుకు 24 ఫ్రేములే ఎందుకు స్థిరపడ్డాయని ఒక్క కార్డు అడిగినా బాగుండేది. మూకీల రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు, వేగం అటూ ఇటూ అయినా కథ నడిచిపోయేది. ఫిల్ము అంచున శబ్దం కూడా ఎక్కాక వేగం మారితే గొంతు మారిపోతుంది. కాబట్టి ఒక వేగానికి కట్టుబడక తప్పలేదు. ఇంత రుచికరమైన విషయం వదిలేసి తేదీలు అడుగుతారా?

తయారీలో ఒక లోపం చెప్పాలి. కాగితం పలచన. దీపం వెలుగులో కార్డు పట్టుకుంటే వెనక ఉన్న జవాబు తిరగబడిన అక్షరాల్లో ఎదుటివారికి కనబడుతుంది. చదివేవారు దీపానికి వీపు పెట్టి కూర్చోవాల్సిందే. వివరణల అక్షరాలు మరీ చిన్నవి, పెద్దవాళ్లకు కష్టం.

నా లెక్కలో ఐదుకు మూడు. ప్రకృతి కట్ట ఒక్కటే విడిగా దొరికితే ఐదుకు ఐదు ఇస్తాను. కొన్నవారు మా ఇంటి నియమం ఒకటి పెట్టుకుని చూడండి: జవాబుకు అర మార్కు, అలా ఎందుకో చెబితే మిగతా అర. ఈ నియమం వచ్చాక పిల్లలు ప్రకృతి కట్ట కోసం పోట్లాడుకుంటున్నారు, సినిమా కట్టను ఎవరూ ముట్టుకోవడం లేదు.