అద్దె ఇల్లు సొంత పేరు మీద ఉంచాలా, ఎల్‌ఎల్‌సీకి మార్చాలా? రెండూ వాడి చూశాక

డాలస్ దగ్గర మాకు రెండు అద్దె ఇళ్లున్నాయి. ఫ్రిస్కోలోది 2012లో కొన్నాం. కొన్నేళ్లు అందులోనే ఉండి తర్వాత అద్దెకిచ్చాం, ఇప్పటికీ మా ఇద్దరి పేర్ల మీదే ఉంది. ప్లేనోలోది చిన్నది. అప్పు తీరిపోయాక 2018లో ఎల్‌ఎల్‌సీ పేరుకు రాయించాను. ఎల్‌ఎల్‌సీ అంటే, ఇంటి మీద కేసు పడితే మన సొంత ఆస్తికి రక్షణగా ఉంటుందని పెట్టుకునే చిన్న కంపెనీ.

పన్ను తగ్గుతుందని ఎల్‌ఎల్‌సీ పెట్టాలనుకుంటే ఆ ఆశ వదులుకోండి. యజమాని ఒక్కడే ఉన్న ఎల్‌ఎల్‌సీని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) మామూలుగా యజమాని నుంచి వేరుగా చూడదు. అద్దె ఆదాయం చూపే ఫారం అదే షెడ్యూల్ ఈ, ఇంటి విలువను ఏటా కొంత ఖర్చుగా తగ్గించుకునే 27.5 ఏళ్ల తరుగుదలా అదే. టెక్సస్‌లో ఖర్చు తక్కువే: రిజిస్ట్రేషన్‌కి 300 డాలర్లు, ఏటా మే 15 లోపు ఒక రిపోర్టు. కాలిఫోర్నియాలో ఉన్న మా బావమరిది మాత్రం అద్దె వచ్చినా రాకపోయినా ఏడాదికి కనీసం 800 డాలర్లు కడుతున్నాడు.

ఫ్రిస్కో ఇల్లు ఎందుకు మార్చలేదంటే, దాని మీద తక్కువ వడ్డీకి 30 ఏళ్ల అప్పుంది. పేరు మారిస్తే మొత్తం ఒకేసారి కట్టమని అడిగే హక్కు బ్యాంకుకు ఉంటుందని ఒప్పందంలోనే రాసుంది. 1982 నాటి గార్న్-సెయింట్ జర్మైన్ చట్టం మనం ఉంటున్న ఇంటిని మన సొంత లివింగ్ ట్రస్టుకు (బతికుండగానే ఆస్తిని ఉంచుకునే ట్రస్టు) మార్చుకుంటే కాపాడుతుంది, ఎల్‌ఎల్‌సీకి మారిస్తే కాదు. కొన్ని అప్పుల్లో వెసులుబాటు ఉంది కానీ, బ్యాంకు నుంచి కాగితం మీద రాయించుకోకుండా ముందుకెళ్లొద్దు.

నాకు అసలు దెబ్బ తగిలింది ఎల్‌ఎల్‌సీ ఇంటి దగ్గరే. 2021 ఫిబ్రవరి చలి తుపానులో ప్లేనో ఇంటి అటకలో పైపు పగిలి హాలు సీలింగ్ ఊడిపడింది. అద్దెకున్న వాళ్లు చంటిబిడ్డతో హోటల్‌కి వెళ్లాల్సొచ్చింది. క్లెయిమ్ వేస్తే, "ఇల్లు కంపెనీది, పాలసీ మీ పేరున ఉంది" అన్నారు. డీడ్ (ఇంటి దస్తావేజు) మార్చిన నాకు ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేయాలని తోచనే లేదు. మూడు నెలలు తిరిగాక కొంత ఇచ్చారు, మిగతాది చేతినుంచి పెట్టుకున్నాను. ఆ కుటుంబం పడ్డ ఇబ్బంది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇంకో సంగతి. మెట్ల రెయిలింగ్ నేనే బిగించి, అది ఊడి ఎవరైనా పడితే, తప్పు నాది కాబట్టి కేసు నా మీదికే వస్తుంది. ఎల్‌ఎల్‌సీ అడ్డుపడదు. అద్దె డబ్బుతో ఇంటి సరుకులు కొన్నా ఆ రక్షణ బలహీనపడుతుంది. అందుకే ఖాతా, కార్డు విడిగా పెట్టాను, రిపేర్లు లైసెన్సున్న వాళ్లకే ఇస్తున్నాను.

అప్పున్న ఒక్క ఇల్లే ఉన్నవాళ్లకు నా సలహా: సొంత పేరు మీదే ఉంచి, పది లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీ (ఇంటి పాలసీ పరిమితి దాటిన కేసుల ఖర్చుకు అదనపు ఇన్సూరెన్స్) తీసుకోండి. ఫ్రిస్కో ఇంటికి నేను చేసింది అదే. ఆ అంబ్రెల్లా ఎల్‌ఎల్‌సీ ఇంటికి వర్తించదని మా ఏజెంట్ చెప్పాక, ప్లేనో పాలసీలోనే లయబిలిటీ (ఇతరులకు జరిగిన నష్టానికి ఇన్సూరెన్స్ కట్టే) మొత్తం పెంచుకున్నాను. ఇప్పుడు ప్రతి జనవరిలో రెండు పాలసీల మొదటి పేజీలు ముందేసుకుని, కౌంటీ రికార్డులో ఉన్న పేరుతో అక్షరం అక్షరం సరిచూస్తాను.