బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో తెరచాప పడవ సెలవులు: నాలుగు ప్రయాణాల తర్వాత

కరీబియన్ సముద్రంలోని ఈ దీవులకు 2016 ఏప్రిల్‌లో మొదటిసారి వెళ్లాం, 2025 జనవరిలో నాలుగోసారి. అన్నీ కలిపి 29 రాత్రులు అద్దె పడవలోనే పడుకున్నాం. ఒక్కసారి వెళ్లొస్తే అన్నీ అద్భుతంగానే కనిపిస్తాయి, మాకూ అలాగే కనిపించాయి. ఇన్నిసార్లు వెళ్లాక ఒక మాట గట్టిగా చెప్పగలను: దీవులు తగ్గించుకోండి.

మొదటిసారి ఏడు రోజుల్లో ఏడు దీవులు తిరిగాం. నార్మన్, పీటర్, సాల్ట్, కూపర్, వర్జిన్ గోర్డా, అనెగాడ, యోస్ట్ వాన్ డైక్. పొద్దున లేవగానే తాడు విప్పడం, మధ్యాహ్నానికి ఇంకో చోట కట్టడం. ఈత కొడదామని నీళ్లలోకి దిగితే అరగంటకే ఎవరో ఒకరు టైమ్ చూసేవారు. 2025లో నాలుగు దీవులే పెట్టుకున్నాం. ఆ వారమే ఎక్కువ గుర్తుంది.

సొంతంగా పడవ నడపడం నేర్చుకునేవాళ్లకు ఇంత మంచి చోటు దొరకడం కష్టం. పెద్ద దీవి టోర్టోలా ఒకవైపు, నార్మన్ నుంచి వర్జిన్ గోర్డా దాకా చిన్న దీవులు ఇంకోవైపు, మధ్యలో సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఛానల్. మాది కాకినాడ. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండబట్టి మా రేవులో నీళ్లు ఎంత నెమ్మదిగా ఉంటాయో చిన్నప్పటి నుంచీ చూశాను. ఇక్కడ ఆ పని రెండు వరసల దీవులు చేస్తాయి. పెద్ద అలలు లోపలికి రావు, గాలి మాత్రం వస్తుంది. తూర్పు నుంచి 15, 20 నాట్లు (గంటకు సుమారు 28 నుంచి 37 కిలోమీటర్లు), దాదాపు రోజూ. తర్వాతి దీవి ఎప్పుడూ కంటికి కనిపిస్తూనే ఉంటుంది. డాలస్ దగ్గర రే హబ్బర్డ్ జలాశయంలో నేర్చుకున్న నేను, 2016లో కెప్టెన్‌ని పెట్టుకుని, 2019 నుంచి నేనే చుక్కాని పట్టుకున్నాను.

2019 ప్రయాణం వేరు. 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుపాను ఐదో కేటగిరీ బలంతో ఈ దీవుల మీద పడింది. ఏడాదిన్నర గడిచినా కప్పుల మీద నీలం టార్పాలిన్లు, ఒడ్డున బోర్లాపడిన పడవలు ఉన్నాయి. అయినా మనుషులు ఎంత ఆదరంగా పలకరించారో! ఆ ఊళ్ల మీద మాకు ప్రేమ పుట్టింది ఆ వారంలోనే.

డిసెంబరు, జనవరిలో క్రిస్మస్ గాలులు అంటారు, 25 నాట్లు దాటుతాయి. పైగా ఉత్తరం నుంచి అలల పోటు. 2025లో వారమంతా తెరచాప కుదించే నడిపాం. వర్జిన్ గోర్డాలో బాత్స్ అనే చోట ఇంటంత గ్రానైట్ బండలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, వాటి సందుల్లో సముద్రపు మడుగులు. మేం వెళ్లిన రెండు రోజులూ అక్కడ ఎర్ర జెండా ఎగరేశారు, అంటే నీళ్లలోకి దిగకూడదు. మూడోసారి ప్రయాణంలో చూశాం కాబట్టి సరిపోయింది, మాతో కొత్తగా వచ్చినవాళ్లు చాలా బాధపడ్డారు. కొత్తవాళ్లు ఏప్రిల్‌లో వెళ్లండి.

ఇక అనెగాడ. మిగతావన్నీ కొండల దీవులు, ఇదొక్కటే పగడపు సున్నపురాయి దీవి. ఎత్తయిన చోటు కూడా 8 మీటర్లే. వర్జిన్ గోర్డా ఉత్తరపు కొసన ఉన్న నార్త్ సౌండ్ అనే అఖాతం నుంచి ఉత్తరానికి 12 నాటికల్ మైళ్లకు (22 కిలోమీటర్లకు) పైన. అక్కడి నుంచి బయటపడ్డాక అడ్డు ఉండదు, అలలు నిజంగా తెలుస్తాయి. రెండు గంటలు పోయినా నేల కనిపించదు. ముందు నీళ్లలోంచి చెట్ల తలలు లేస్తాయి, ఆ తర్వాతే ఇసుక. చుట్టూ హార్స్‌షూ రీఫ్ అనే పగడపు దిబ్బ, 300కు పైగా ఓడలు దాని మీద పడి పగిలాయంటారు. సూర్యుడు నెత్తిన ఉండగానే చేరాలి, అప్పుడే నీటి రంగు చూసి లోతు పోల్చుకోవచ్చు. లోబ్లాలీ బే ఒడ్డున కూర్చుంటే మాట్లాడాలనిపించదు. 1992లో మళ్లీ తెచ్చి వదిలిన ఫ్లమింగోలు ఉప్పు చెరువుల్లో దూరంగా గులాబీ గీతలా కనిపిస్తాయి. ఇక్కడ ఒక రాత్రి చాలదు, రెండు ఉంచుకోండి.

పడవ సంగతి. మొదటిసారి ఒంటి పొట్ట పడవ తీసుకున్నాం, తర్వాత మూడుసార్లూ కేటమరాన్, అంటే రెండు పొట్టల పడవ. నడిపే ఆనందం ఒంటి పొట్టలోనే ఎక్కువ, గాలి చేతికి తెలుస్తుంది. కానీ పెద్దవాళ్లు ఉంటే కేటమరానే. మంచినీళ్ల ట్యాంకు సుమారు 700 లీటర్లు; ఎనిమిది మందిమి మూడో రోజుకే ఖాళీ చేశాం. సముద్రంలో మునిగి, చివర్లో ఒక్క చెంబు మంచినీళ్లు పోసుకోవడం అలవాటు చేసుకుంటే ఐదు రోజులు వచ్చాయి. గిన్నెలు కూడా ముందు ఉప్పునీళ్లతో కడగాలి. కందిపొడి, ఆవకాయ, చిన్న ప్రెషర్ కుక్కర్ ఇంటి నుంచే తీసుకెళ్లండి. టోర్టోలాలో బియ్యం, కూరగాయలు దొరుకుతాయి గానీ ధరలెక్కువ. నడిచే పడవలో కుక్కర్ పెట్టొద్దు, కట్టేశాకే వంట.

ఖర్చు చెప్తాను. రాత్రికి పడవ కట్టే బోయా (నీళ్ల మీద తేలే గుండు) 2016లో 30 డాలర్లు, 2025లో ఉదయం 7 గంటలకు ఫోన్‌లో బుక్ చేసేవి 55. పడవ, తిండి, డీజిల్ కలిపి మనిషికి 1,900 డాలర్లు పడింది, విమానం కాక. ఒకసారి మాకు ఇచ్చిన పడవలో బ్యాటరీలు పాతవి, రెండో రాత్రికే ఫ్రిజ్ ఆగి పాలు, పెరుగు అన్నీ పోయాయి. పైగా ముందే ఉన్న గీతకి మా డిపాజిట్‌లో కోత పెట్టారు. అప్పటి నుంచి పడవ తీసుకునేటప్పుడే మూలమూలా వీడియో తీస్తున్నాను, ఫ్రిజ్ రెండు గంటలు ఇంజిన్ లేకుండా నడిపి చూస్తున్నాను.

మా అత్తయ్య 2023లో వచ్చారు, 67 ఏళ్లు. ఆవిడకి అన్నిటికంటే కష్టమైంది సముద్రం కాదు, పడవలోంచి డింగీలోకి, అంటే ఒడ్డుకు తీసుకెళ్లే చిన్న పడవలోకి, దిగడం. అల పైకి లేచినప్పుడు కాదు, డింగీ మెట్టు దగ్గరికి వచ్చి నిలిచే ఆ ఒక్క క్షణంలో కాలు వేయాలి. రెండు రోజులు "నేను ఇక్కడే ఉంటానమ్మా" అన్నారు. మూడో రోజు కూపర్ దగ్గర మా ఆయన డింగీలో నిలబడి మోచేతి దగ్గర పట్టుకున్నారు, నేను పైనుంచి "ఇప్పుడు అత్తయ్యా" అన్నాను, దిగిపోయారు. ఆ సాయంత్రం ఒడ్డున కూర్చుని నీళ్లలో తాబేళ్లు తల ఎత్తడం లెక్కపెడుతూ చీకటి పడేదాకా కదల్లేదు.