సొంత మాస్టోడాన్: ఇంట్లో పెట్టాలా, అద్దెకు తీసుకోవాలా?

2019 నవంబర్‌లో ట్విటర్ మీద అలిగి మన దేశం నుంచి చాలామంది మాస్టోడాన్ బాట పట్టారు. అది ట్విటర్ లాంటిదే, కానీ ఒకరి సొత్తు కాదు: ఎవరికి వారు సర్వర్ పెట్టుకోవచ్చు, ఆ సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. నేనూ అప్పుడే ఒక పెద్ద సర్వర్‌లో చేరాను. అక్కడ హాయే, కానీ ఇల్లు వాళ్ళది. వాళ్ళు మూసేసేలోపు ఖాతా మార్చుకుంటే ఫాలోయర్లు మన వెంట వస్తారు, రాసిన పోస్టులు మాత్రం రావు. అందుకే సొంత డొమైన్ మీద సర్వర్ పెట్టాను. డొమైన్ ఎంచుకునేటప్పుడు తొందరపడకండి, ఒకసారి నడపడం మొదలుపెట్టాక పేరు మార్చే వీల్లేదు.

మొదట ఇంట్లోనే పెట్టాను. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ కొని, కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ఫ్రిజ్ మీద కూర్చోబెట్టాను. కరెంటు ఖర్చు నామమాత్రం. చిక్కంతా నెట్‌తోనే. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు చాలా ఇళ్ళకు కలిపి ఒకే ఐపీ, అంటే నెట్‌లో ఒకే చిరునామా, ఇస్తాయి కాబట్టి బయటి సర్వర్లు నేరుగా మన తలుపు తట్టలేవు. మనకంటూ మారని స్టాటిక్ ఐపీకి అదనంగా కట్టాలి, లేదా టన్నెల్, అంటే బయటి సర్వర్ ఒకదాని గుండా మన ఇంటికి దారి, పెట్టుకోవాలి. టన్నెల్ పెట్టాను, పనిచేసింది.

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరుగుతోంది, రౌటర్ వెలుగుతోంది, నెట్ మాత్రం లేదు. కిందికి వెళ్ళి చూస్తే ఫైబర్ డబ్బా అపార్ట్‌మెంట్ కామన్ మీటర్ మీద ఉంది! కొన్ని గంటలు ఆగితే కొంపేం మునగదు, అవతలి సర్వర్లు మళ్ళీ మళ్ళీ పంపి చూస్తాయి. కానీ కరెంటు వచ్చాక సర్వర్ ఉన్న ఎస్‌డీ కార్డు లేవలేదు. పెట్టేదుంటే ఎస్‌ఎస్‌డీ మీదే పెట్టండి.

తర్వాత నెలకింతని వీపీఎస్, అంటే ఏదో కంపెనీ డేటా సెంటర్‌లో నడిచే సర్వర్, అద్దెకు తీసుకున్నాను. కరెంటు టెన్షన్ పోయింది, డిస్క్ టెన్షన్ వచ్చింది. మాస్టోడాన్ మనం ఫాలో అయ్యేవాళ్ళ బొమ్మలన్నీ తెచ్చి మన డిస్క్ మీద పెడుతుంది. నా 40 జీబీ మూడు వారాల్లో నిండి డేటాబేస్ ఆగిపోయింది. ఎవరి పిల్లి ఫొటోలకో నేను గోడౌన్ అద్దె కడుతున్నానన్నమాట. ఇలా తెచ్చిపెట్టుకున్న మీడియా కాష్‌ను ఇన్ని రోజులకు తుడిచేయమని సెట్టింగ్స్‌లో మొదటి రోజే పెట్టుకోండి.

పైగా మాస్టోడాన్‌కి రూబీ, పోస్ట్‌గ్రెస్, రెడిస్, సైడ్‌కిక్ అంటూ విడివిడి సాఫ్ట్‌వేర్లన్నీ కావాలి. 2 జీబీ ర్యామ్‌లో ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఒక్క మనిషికి ఇంత హంగామా ఎందుకని, మాస్టోడాన్ సర్వర్లతో మాట్లాడగలిగే గోటుసోషల్ అనే తేలికపాటి సాఫ్ట్‌వేర్‌కి మారాను. గో భాషలో రాసిన ఒకే ప్రోగ్రాం, డేటాబేస్‌గా చిన్న ఎస్‌క్యూలైట్ చాలు, 1 జీబీ మెషీన్ మీద నిమ్మళంగా ఉంటుంది. రాయడానికి దానికంటూ సొంత తెర లేదు, టస్కీ లాంటి యాప్ వాడాలి.

సర్వర్ ఎక్కడ పెట్టినా ఒంటరితనం తప్పదు, మన సర్వర్ దాకా చేరిన పోస్టులే మనకు కనిపిస్తాయి. పెద్ద సర్వర్‌లో ఒక పోస్టు కింద ముప్పై జవాబులు కనిపిస్తే మన దగ్గర నాలుగే కనిపించొచ్చు.

ఒకరిద్దరైతే నా ఓటు వీపీఎస్ మీద గోటుసోషల్‌కే. పదిమంది తెలుగు మిత్రులను చేర్చుకుంటే మాస్టోడాన్ నయం, కాకపోతే వాళ్ళ తగాదాలకు పెద్దమనిషివి నువ్వే. రాస్ప్‌బెర్రీ పై ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది, ఈసారి ఎస్‌ఎస్‌డీతో. రోజూ రాత్రి 2 గంటలకు వీపీఎస్ బ్యాకప్ దాంట్లోకి వస్తుంది. పొద్దున అమ్మ దాన్ని ఎత్తి, కింద తుడిచి, మళ్ళీ అక్కడే పెడుతుంది.